టైపు మిషను గది

మా తమ్ముడికి ఒంటరిగా ఆడాలంటే భయం. "పక్కన కూర్చోవే అక్కా" అని బతిమాలేవాడు. 1996లో జపాను కాప్‌కామ్ వారు తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' అది. అడవిలో భవంతి, నడిచే శవాలు, కిటికీ అద్దాలు బద్దలు కొట్టుకుని దూకే కుక్కలు! క్రిస్ ఆరు వస్తువులే మొయ్యగలడు, జిల్ ఎనిమిది. ఆడదాని సంచీ ఎప్పుడూ పెద్దదే కదండీ!

ఆడినంతవరకూ భద్రం చేసుకోవాలంటే టైపు మిషను దొరకాలి. ప్రతిసారీ ఓ ఇంకు రిబ్బను ఖర్చు. వాడు పిసినారిలా దాచుకునేవాడు. కుక్క కరిచి చచ్చాక, ఆటంతా మళ్ళీ వెనక్కి!

ఇల్లు పంచుకున్నప్పటి నుంచీ, రెండేళ్ళుగా, మా మధ్య మాటల్లేవు. నిన్న రాత్రి నేనే ఫోను చేశాను.

"ఒరే, రిబ్బను ఒకటి మిగిలిందిరా."

కాసేపు ఏమీ వినపడలేదు.

"వాడెయ్యవే అక్కా" అన్నాడు.