కంచెకు అవతలి కొండ

తొట్లకొండకు ఆ పేరెలా వచ్చిందో నాన్న మాటల్లో చెప్పలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం కొండ మీదికి తీసుకెళ్ళి, బండలో తొలిచిన తొట్టి అంచున కూర్చోబెట్టాడు. "ఇలాంటివి పదకొండున్నాయిరా ఇక్కడ" అన్నాడు. లోపల నీళ్ళున్నాయి. పిల్లచేష్ట కదా, చేతిలో ఉన్న రాయి అందులోకి విసరబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "అవి తాగే నీళ్ళు. వాళ్ళవి." వాళ్ళెవరని అడిగాను. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ ఉండి చదువుకున్నవాళ్ళన్నాడు. రెండు వేల ఏళ్ళ కిందటివాళ్ళ నీళ్ళను ఇంకా వాళ్ళవే అనడం ఆ రోజు నాకు వింతగా తోచింది. నాన్న పోయాక మాత్రం ఆ మాట తరచు గుర్తొస్తోంది.

అందుకే ఈ మార్చి చివర్లో, ఎండలు ముదరకముందే, విశాఖలో భీమిలి బస్సెక్కాను. సంచీలో ఒక తువ్వాలు, రెండు నీళ్ళ సీసాలు, ఒక నోటుపుస్తకం. సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని సాగే ఈ రోడ్డు ఎంతో పొడవుండదు. ఇంత కురచ దారిలో ఇన్ని కాలాలు పక్కపక్కనే ఉండటం నేను మరోచోట చూడలేదు.

ఋషికొండ దగ్గర బస్సు నెమ్మదించింది. కొండను తొలిచి, ఆ గాయం మీద ఆకుపచ్చ పట్టాలు కప్పిన రోజులు నాకు గుర్తున్నాయి. దూరం నుంచి చూసి గడ్డి మొలిచిందనుకున్నాను అప్పట్లో. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టులో వాదనలు ఎటు తిరిగినా, తొలిచిన కొండ తిరిగి పెరగదు. కిటికీలోంచి ఎక్కువసేపు చూడలేకపోయాను.

తొట్లకొండ మలుపు దగ్గర దిగి నడిచే ఎక్కాను. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. చెమట పట్టే ఎత్తే కానీ ఆయాసపడే ఎత్తు కాదు. 1976లో నౌకాదళం తన అవసరాల కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది శిథిలాలు బయటపడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, వరసగా భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల వెలుగులోకి వచ్చాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కింద సముద్రంలో ఓడలు, పైన చదువు, మధ్యలో ఊళ్ళ నుంచి వచ్చే బియ్యం. ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతికిన ఏర్పాటు అది.

నాన్న కూర్చోబెట్టిన తొట్టి కోసం వెతికాను. అదేనని ఖాయంగా చెప్పలేను గానీ ఒకదాని అంచున కూర్చున్నాను. అంచు రాయి అరిగి, అరచేయి ఆనిస్తే వెచ్చగా ఉంది. లోపల అడుగున ఆకుపచ్చ నీళ్ళు, పైన రెండు చిప్స్ ప్యాకెట్లు, ఒక ప్లాస్టిక్ సీసా మూత. బండ వాలు ఎటుందో చూసుకుని, వాన ఎటు జారుతుందో కనిపెట్టి, సరిగ్గా అక్కడే ఉలి పెట్టారు వాళ్ళు. వానాకాలంలో పట్టిన నీళ్ళు ఎండాకాలం గడవాలి. కొండ మీద బావి పడదు, ఏరు లేదు. ఇక్కడ నిలవాలంటే వానకు ఎదురుగా దోసిలి పట్టడం ఒక్కటే దారి. పక్కనున్న బావికొండకీ ఆ పేరు ఊరికే రాలేదు. భీమిలి దగ్గరి పావురాలకొండ మీదా బండలో తొలిచిన తొట్లున్నాయి. ఈ తీరంలో మన పెద్దలు కొండలను ఎత్తును బట్టి కాదు, అవి పట్టుకునే నీటిని బట్టి పిలిచారనిపించింది.

చిప్స్ ప్యాకెట్లు చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. బోర్లా పడుకుని తీశాను. నన్ను చూసి, ఫొటోలు దిగుతున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు వచ్చి సీసా మూత కూడా కర్రతో లాగిపెట్టారు. "ఇందులో నీళ్ళు ఎవరు పోస్తారు సార్?" అని అడిగాడొకడు. వానే పోస్తుందంటే పైకి చూశాడు.

మహాస్తూపం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. 2019 అక్టోబరు వానలకు ఇందులో కొంత భాగం కూలింది. తర్వాత మళ్ళీ కట్టారు; కొత్త ఇటుక ఎక్కడ మొదలైందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నన్ను కలవరపెడుతున్నది ఆ కూలిన ఇటుక కంటే, ఈ శిథిలాల చుట్టూ ఎంత దూరం కంచె వేయాలన్న లెక్క. 1978లో ప్రభుత్వం ఈ కొండనూ చుట్టుపక్కల నేలనూ కలిపి మూడు వేల ఎకరాలకు పైగా రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కట్టడాలు బయటపడ్డ 120 ఎకరాలు కాపాడితే చాలన్న వాదన ఆ తర్వాత వచ్చింది. వినడానికి సబబుగానే ఉంటుంది: స్తూపం ఉన్నచోటు కాపాడండి, మిగతాది ఖాళీ నేలే కదా అని.

కానీ అది ఖాళీ నేల కాదు. లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు ఈ కొండ మీది విహారంతో ఆగలేదు. చుట్టూ ఉన్న వాలులు, లోయలు కాలినడకన తిరిగి సర్వే చేశాడు. విహారం దాటిన చోట కూడా రాళ్ళు పేర్చిన గుట్టలు, నీళ్ళు ఆపిన కట్టలు నమోదు చేసి 2006లో పుస్తకం వేశాడు. భిక్షువులు ఈ శిఖరాన్ని మాత్రమే కాదు, చుట్టూ ఉన్న నేలనంతా వాడుకున్నారన్నమాట. రాళ్ళగుట్టకు ప్రవేశ రుసుం ఉండదు, బోర్డు ఉండదు. బుల్‌డోజర్ నడిపేవాడికి అది రాళ్ళగుట్టే. ఒక పూట పని. ఆ పూట గడిచాక అక్కడ ఏముండేదో చెప్పే సాక్ష్యం మిగలదు. కొండవాలులో ప్లాట్లు వేసినవాళ్ళు స్తూపాన్ని ముట్టుకోలేదని నిజమే చెబుతారు. ఇల్లు ఉంచి పెరడు, బావి, వాకిలి అమ్మేస్తే ఇల్లున్నట్టేనా?

కిందికి దిగి మంగమారిపేట దగ్గర కాసేపు ఆగాను. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నడిచి వెళ్ళగలిగే రాతి తోరణం ఉందక్కడ. ఆ పూట అలలు ఎక్కువగా ఉండి దగ్గరకు పోలేకపోయాను. షేర్ ఆటో ఎక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాను.

సినిమా పాటల్లో ఈ దిబ్బలను చూడని తెలుగువాళ్ళుండరు. తెర మీద కనిపించనిది అక్కడి నిశ్శబ్దం. రోడ్డు మీద నుంచి పది నిమిషాలు లోపలికి నడిచి ఒక గెడ్డలోకి దిగితే సముద్రం చప్పుడు ఆగిపోతుంది. రెండు పక్కలా నిలువెత్తు మట్టిగోడలు. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద ముదురు గోధుమ ఎరుపు. గోడలోంచి జీడిమామిడి వేర్లు గాలిలోకి వేలాడుతున్నాయి. అడుగున, వాననీరు పారిన జాడలో, నల్లటి ఇసుక సన్నటి గీతలుగా మెరుస్తోంది. చిటికెడు తీసి అరచేతిలో వేసుకుంటే మామూలు ఇసుక కంటే బరువు తెలిసింది. ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులవి. తేలిక ఇసుకను నీరు ఈడ్చుకుపోతే ఇవి వెనక మిగిలిపోతాయి.

ఇరవై వేల ఏళ్ళ కిందట, భూమి బాగా చల్లబడ్డ కాలంలో, సముద్రం ఇక్కడి నుంచి చాలా దూరం వెనక్కి పోయింది. బయటపడ్డ సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను ఎత్తి ఇటు పోసింది. ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్ళు ఎండకూ వానకూ నాని, తుప్పు పట్టి, ఒక్కో రేణువుకూ ఎర్రటి పూత పూసింది. సముద్రం మళ్ళీ ముందుకొచ్చింది. దిబ్బలు మిగిలాయి. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి; దక్షిణాసియాలో ఇంకెక్కడా లేవంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. ఇంత గౌరవం ఉన్నా, రక్షణ గీత లోపల ఉన్నది 262 ఎకరాల చిల్లరే. దిబ్బలు ఆ గీత దగ్గర ఆగవు.

గెడ్డ మలుపులో జీడిపళ్ళు ఏరుకుంటున్న మామ్మ కనిపించింది. నెత్తిన తువ్వాలు చుట్ట, నడుముకు గోనెసంచి.

"ఆ ఇరుకులోకి ఎల్లకు బాబూ. గట్టు కూలిపోతాది" అంది.

"ఎప్పుడైనా కూలిందా మామ్మా?"

"ఏడాదికోపాలి కూలుతూనే ఉంతాది. అది దాని పని. ఆకాశం కూల్చితే ఆకాశమే సర్దుకుంతాది." సంచి దించి, ఒక పండు తీసి నాకిచ్చింది. "మా సిన్నప్పుడు ఆ రోడ్డు కాడికి కూడా దిబ్బలే బాబూ. ఎన్నెల రేత్రి ఎక్కి కూకుంటే సముద్రం మీద పడవ దీపాలు లెక్కెట్టుకునీవోళ్ళం. ఇప్పుడు అక్కడ సదును సేసేసినారు. మిసన్లు వొచ్చి సదును సేసినది ఎవులు సర్దుతారు, సెప్పు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 2024 జూలైలో దిబ్బల పక్కన యంత్రాలతో తవ్వి చదును చేస్తున్న ఫొటోలు బయటికొచ్చాయి. గగ్గోలు పుట్టాక పని ఆగింది. ఆపినవాళ్ళకు దండం పెట్టాలి, నిజంగానే. కానీ ఆగేలోపు తవ్వింది తవ్వినట్టే ఉంది. పైపొర ఒక్కసారి గీరేస్తే కింది ఇసుకకు పట్టు ఉండదు. పైన చెట్టూ గడ్డీ పోయిన చోట వాన కొత్త గండి కొడుతుంది. ఎగువన ఒక రోడ్డు వేసి కాలువ మళ్ళిస్తే, ఆ నీరంతా ఒకే గెడ్డలో పడి గోడలు కోసుకుపోతాయి. ఈ దిబ్బలకు ఆకారం ఇచ్చింది నీరే, అంతం చేయగలిగిందీ నీరే; తేడా అంతా ఎగువన మనం ఏం చేస్తామన్న దాంట్లో ఉంది. అందుకే కొలత వేయాల్సింది ఎర్రగా కనిపించే నేల వరకు కాదు, ఈ గెడ్డల్లోకి ఎక్కడెక్కడి వాన దిగుతుందో అక్కడి దాకా అని నా పట్టు. సర్వే గొలుసు పట్టుకున్నవాళ్ళు ఒక్క వానాకాలం ఇక్కడ తిరిగితే ఆ హద్దు వాళ్ళకే కనిపిస్తుంది.

జీడిపండు పులుపూ వగరూ కలిసి నాలుక పట్టేసింది. సొన అంటుకున్న వేళ్ళను మామ్మ నవ్వుతూ ఇసుకతో రుద్దించింది.

ఆ రాత్రి భీమిలిలో ఉన్నాను. సాయంత్రం డచ్చివాళ్ళ సమాధుల మధ్య తిరిగాను. గోస్తని సముద్రంలో కలిసే చోట వలలు విప్పుతుంటే చూశాను. ఈ తీరంలోనే, 2024లో హైకోర్టు ఆదేశం మీద ఇసుకలో కట్టిన కాంక్రీటు గోడను కూల్చారు. గోడ ఎక్కడుండేదని ఒక జాలరిని అడిగితే చెయ్యి చూపించి, "గోడుంటే తాబేలు ఎక్కడ ఎక్కుతాది?" అని ఒక్క మాటే అన్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయనే నన్ను లేపి తీసుకెళ్ళాడు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా. కుక్కలూ నక్కలూ తవ్వకుండా అటవీ శాఖ ఏర్పాటు చేసిన కాపలావాళ్ళు రాత్రుళ్ళు తిరిగి గుడ్లు ఏరి, కంచె వేసిన ఇసుక మడిలో పాతిపెడతారు. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. ఆ వేళకు మడిలో ఇసుక కదులుతోంది. ముందు ఒక బొడిపె, తర్వాత నల్లటి ముట్టె, ఆ వెనక ఒకదాన్నొకటి తోసుకుంటూ పదీ ఇరవై. అరచేతిలో సగం కూడా ఉండవు. కాపలా ఆయన వాటిని బుట్టలో పెట్టి తడి ఇసుక మీద వదిలాడు. నీటి దాకా వాటంతట అవే నడవాలట. చేత్తో సముద్రంలో వేయకూడదట.

చీకట్లో మెరిసే అల వైపు పోవడం వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. అన్నీ కదిలాయి. ఒకటి మాత్రం ఆగింది. వెనకాల బీచ్ రోడ్డు మీద ఒక హోటల్ ఫ్లడ్‌లైటు రాత్రంతా ఆర్పకుండా వెలుగుతోంది. ఆ పిల్ల మెల్లగా అటు తిరిగి, ఆ తెల్లటి వెలుతురు వైపు పాకడం మొదలెట్టింది. నేను వంగబోతే కాపలా ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి, రెండు చేతులా విప్పి పట్టుకుని, దీపానికీ ఆ పిల్లకూ మధ్య నిలబడ్డాడు. నీడ దాని మీద పడింది. అది ఆగింది. కాసేపు ముట్టె పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, ఇసుకలో అర్ధచంద్రంలా ఒక గీత గీసుకుంటూ నీటి వైపు తిరిగింది. దానికి అల తగిలేదాకా ఆయన గుడ్డ దించలేదు.