బందరు దారిలో ఆసియా చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన నాటి నుండి మా ఇంట్లో ఒక వాదం నడుస్తోంది. మా అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి, అల్హందులిల్లాహ్. బంధువులందరూ ఇంజనీరింగు కౌన్సెలింగు గురించి మాట్లాడుతుండగా, ఆమె మాత్రం ఆసియా దేశాల సంస్కృతులు, సమాజాలు చదువుతానని, దానికి తొలి మెట్టుగా పారశీక భాషలో బి.ఏ. ఆనర్సు చేస్తానని చెప్పింది. మాకు చెప్పకుండానే సీయూఈటీ పరీక్షకు దరఖాస్తు కూడా పెట్టింది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పారశీకం, అరబ్బీ, చైనీ, జపాను, కొరియా భాషలలో డిగ్రీ స్థాయి నుండే చదువు ఉంది. కూతురు ఢిల్లీ వెళ్లడం ఒక సమస్య. చదివి వచ్చాక ఏం చేస్తుందన్నది అంతకన్నా పెద్ద సమస్య.

ఈ చదువు మన ఇళ్లలో అంతగా పరిచయం లేనిది. ఒక భాషను మూలం నుండి నేర్చుకోవడం, ఆ భాష మాట్లాడే ప్రజల చరిత్ర, మతం, సాహిత్యం, వర్తకం, కుటుంబ వ్యవస్థ తెలుసుకోవడం, పొరుగు సమాజాలతో పోల్చి చూడడం: స్థూలంగా ఇదీ దాని స్వరూపం. కేంబ్రిడ్జిలో ‘ఆసియా, మధ్యప్రాచ్య అధ్యయనాలు’ అనే డిగ్రీయే ఉంది. లండనులో కేవలం ప్రాచ్య దేశాల, ఆఫ్రికా దేశాల అధ్యయనం కోసం 1916లో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. వినడానికి బాగానే ఉంది. అయితే అవన్నీ దూరదేశపు సంగతులు, కలవారి ముచ్చట్లు అనుకుంటూనే, వేసవి సెలవులలో ఒక వలీమాకు గుడివాడ బయలుదేరాము.

గుడివాడలో మా శ్రీమతి అన్నగారిది ధాన్యం వ్యాపారం. భోజనాల తరువాత విషయం ఆయన ముందుకు వచ్చింది. ఆయన నవ్వి, “భాయీసాబ్, ఫార్సీ చదివినవాళ్లు నూనె అమ్ముకున్నారని మన పెద్దలు ఊరికే అన్నారా? బేటీకి ఏదైనా అన్నం పెట్టే చదువు చెప్పించండి” అన్నారు. అమ్మాయి ఊరుకోలేదు. “మామూ, మీ దుకాణంలో పొద్దుట నుండి మీరన్న మాటలే లెక్కపెట్టాను. ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, జమ. ఫార్సీ తీసేస్తే మీ పద్దుల పుస్తకంలో అంకెలే మిగులుతాయి” అంది. ఆయన ఇంకా గట్టిగా నవ్వారు. అమ్మాయి చెప్పినది ఎగతాళి కాదు. ఈ జిల్లాలో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌను, కచేరీలలో, వ్యవహారాలలో తెలుగువారు వాడే ఇటువంటి అన్యదేశ్యాల కోసమే వేరుగా నిఘంటువు కూర్చవలసి వచ్చింది.

ఆ నవ్వుల మధ్యనే ఆయన మరొక మాట అన్నారు. తాతలనాటి ఇనపపెట్టెలో ఒక దర్గా ఇనాము కాగితం ఉండేదట. ఒకసారి భూమి తగాదా వచ్చినప్పుడు వకీలుగారు దాని తెలుగు అనువాదం అడిగితే, చదవగలవాడు చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదట. చివరకు హైదరాబాదు పంపి డబ్బిచ్చి చదివించారట. “చదివినాయన సరిగా చదివాడో లేదో కూడా మాకు తెలియదు” అని మామూ తలపాగా సర్దుకున్నారు. అప్పటికి ఆ మాటను ఎవరమూ పట్టించుకోలేదు.

మరునాడు ఉదయం గుడివాడ నుండి పామర్రు మీదుగా బయలుదేరాము. కాలువలు కట్టేసిన కాలం. మినుము తీసిన చేలు బీటలు వారి ఉన్నాయి. దారిలో కూచిపూడి తగిలింది. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా ఈ ఊరిని ఇక్కడి నాట్య కుటుంబాలకు దానమిచ్చాడని స్థానికులు తరతరాలుగా చెప్పుకొంటారు. ముస్లిం పాలకుడు, బ్రాహ్మణ నటులు, తెలుగు యక్షగానం: ఒక్క గ్రామంలో ఇన్ని పాఠాలు. ఎండ ముదురుతోందని ఆగకుండా సాగిపోయాము. దానికి అమ్మాయి చాలాసేపు అలిగింది.

ఘంటసాలలో మాత్రం ఆగాము. పేరు వినగానే అందరికీ గాయకుడే గుర్తుకు వస్తాడు. కాని ఈ ఊరు రెండువేల సంవత్సరాల నాటి రేవు. గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రెండవ శతాబ్దంలో పేర్కొన్న ‘కొంటకొస్సిల’ అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. సముద్రం ఇప్పుడు దూరంగా జరిగిపోయింది. నది తెచ్చిన ఒండ్రు రేవును పొలంగా మార్చింది. ఊరిలో ఇటుకల బౌద్ధ స్తూపపు దిబ్బ, చెక్కిన సున్నపురాయి శిల్పాలు మిగిలాయి. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో ‘మహానావికుడు’ అనే పదవి ఉంది. ఓడలు నడిపే పెద్ద సరంగు తన సంపాదనలో కొంత ధర్మానికి ఇచ్చి రాతిమీద పేరు వేయించుకున్నాడన్నమాట. ఇదే బిరుదు గల మరొక నావికుడి శాసనం మలయా ద్వీపకల్పంలో దొరికింది.

ఇంకొక సంగతి అమ్మాయి చెప్పినది. నాగార్జునకొండలో మూడవ శతాబ్దపు శాసనం ఒకటుంది. అది బోధిసిరి అనే ఒక గృహిణి చేసిన దానాల జాబితా. ఆ దానాలలో ఒకటి ‘కంటకసోల’కు, అనగా ఈ ఘంటసాలకు చెందినది. అదే శాసనంలో, తాను గౌరవించిన సింహళ భిక్షువులు ధర్మబోధ చేసిన దేశాలను ఆమె వరుసగా చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవనం, ద్రవిడం, సింహళం. ఇల్లు దాటి ఎంతదూరం వెళ్లిందో తెలియదు గాని, ఆ స్త్రీ మనసులో ఆసియా పటం ఉంది. మా శ్రీమతి ఆ మాట విని, “మనం ఢిల్లీ గురించి భయపడుతున్నాము” అని ఊరుకుంది. మేము జవాబు చెప్పలేదు.

చల్లపల్లి దాటి పులిగడ్డ చేరేసరికి కృష్ణ రెండు పాయలై కనబడింది. ఆ రెండు పాయల నడుమ భూమే దివిసీమ. అవనిగడ్డలో జుహర్ నమాజు చేసుకున్నాము. మసీదు వసారాలో కూర్చున్న ఒక పెద్దాయన మేము అడగకుండానే 1977 నవంబరు 19 గురించి చెప్పసాగారు. ఆనాటి ఉప్పెనలో ఈ ప్రాంతంలో పదివేల ప్రాణాలు పోయాయి. “కులం, మతం చూసి రాలేదు నీళ్లు. ఒకే గుంటలో అందరినీ పెట్టాం. ఎవరి జనాజా ఎవరు చదివారో అల్లాహ్‌కే తెలుసు” అన్నారాయన. మా అమ్మాయి నోటుపుస్తకం తీసి, కొంతసేపు చూసి, ఏమీ రాయకుండానే మూసింది. సమాజాన్ని చదవడమంటే ఇటువంటివారి ఎదుట ఎలా కూర్చోవాలో కూడా నేర్చుకోవాలి కాబోలు.

అవనిగడ్డకు మరొక సంబంధం ఉంది. ఈ ప్రాంత నాయకుడు మండలి వేంకట కృష్ణారావు విద్యామంత్రిగా ఉండగా 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రెండవ సభలు 1981లో మలేషియా రాజధాని కౌలాలంపూరులో జరిగాయి. ఈ తీరపు మనుషులు బంగాళాఖాతం ఆవల ఎక్కడెక్కడ స్థిరపడ్డారో అప్పుడే చాలామందికి తెలిసింది.

సాయంత్రానికి బందరు చేరాము. ‘బందరు’ అన్నదే పారశీక పదం. రేవు అని అర్థం. ఈ పట్టణంలో పేటల పేర్లు చదివితే చాలు, సగం పాఠం అయిపోతుంది. వలందపాలెం వలందులది, అనగా డచ్చివారిది. పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. కుతుబ్‌షాహీల కాలంలో ఇది గోలకొండ రాజ్యానికి సముద్ర ద్వారం. ఇక్కడి నుండి ఓడలు ఒకవైపు అరకాను, పెగూ, అచే, సయాం రేవులకు, మరొకవైపు బందర్ అబ్బాసుకు, ఎర్రసముద్రంలోని మోఖాకు వెళ్లేవి. ఇస్ఫహాను సమీపంలోని అర్దిస్తానులో పుట్టిన మీర్ జుమ్లా 1630ల్లో ఈ రేవుకు అధికారిగా ఉండి, సొంత ఓడలు నడిపి, తరువాత గోలకొండకే ప్రధాని అయ్యాడు. ఇరాను వర్తకుడు, తెలుగు నేతగాడు, కోమటి షాహుకారు, డచ్చి గుమాస్తా ఒకే వీధిలో బేరమాడిన పట్టణం ఇది. మేము చిన్నప్పటి నుండి బందరు లడ్డు కోసం మాత్రమే ఇక్కడికి వస్తున్నాము.

మరునాడు పెడన వెళ్లాము. కలంకారీ అద్దకం చూడాలన్నది మా శ్రీమతి కోరిక. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో బట్టను నానబెట్టి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం పులియబెట్టి నలుపు తీస్తారు. పటికతో అచ్చువేసి, రంగుతో ఉడికిస్తే ఎరుపు పైకి తేలుతుంది. కలం అనగా పేనా, కారీ అనగా పని. పేనాతో గీసేది శ్రీకాళహస్తిలో. ఇక్కడ చెక్క అచ్చులతో వేసినా పేరు మాత్రం పారశీకమే నిలిచింది. ఇస్ఫహాను బజారులో ఇదే విధంగా అచ్చువేసిన బట్టను నేటికీ ‘కలంకార్’ అనే అంటారు. ఒక జానమాజు బేరం చేస్తుండగా అచ్చు చెక్కే పనివాడు, ఆ తీగల నడుమనున్న వంపు మామిడిపిందెను చూపి, “ఇది మా తాతలది” అన్నాడు. అమ్మాయి అది ఇరానులో ‘బోతే’ అని చెప్పింది. ఇద్దరి మాటా నిజమే.

మధ్యాహ్నం బందరులోని డచ్చివారి శ్మశానం చూశాము. పెద్ద రాతి పలకలు, వాటిపై వంశ చిహ్నాలు, చక్కగా చెక్కిన డచ్చి అక్షరాలు. వలందులు ఈ రేవులో కాలుపెట్టినది పదిహేడవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో. 1613 నాటికి వారి దేశంలోని లైడెను విశ్వవిద్యాలయంలో ఎర్పేనియస్ అనే పండితుడు అరబ్బీ ఆచార్యుడయ్యాడు. వచ్చినవారు మిరియాలు, బట్టలతో పాటు మన భాషలనూ పట్టుకుపోయారు. వారి కంపెనీ రాసిన ఉత్తరాలు, లెక్కలు హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. బందరు ఓడరేవు చరిత్ర రాయదలచినవారు నేడు అక్కడికే వెళ్లాలి. శ్రీలంకలో పుట్టిన అరసరత్నం గారు, కలకత్తాకు చెందిన అనిరుద్ధ రాయ్ గారు కలిసి మచిలీపట్నం, ఖంభాత్ రేవుల మీద 1994లో గ్రంథం వెలువరించారు. మంచి పని. బందరు బిడ్డ ఒక్కరైనా అటువంటి పనికి పూనుకోరాదా అన్న రోషం మాత్రం మాలో ఆ రాళ్ల మధ్యనే పుట్టింది.

ఆ రోషం కొద్దిసేపటికే సిగ్గుగా మారింది. అసర్ తరువాత ఒక పాత ఖబ్రస్తానుకు వెళ్లాము. గడ్డిలో ఒరిగిన ఒక నల్లరాయిపై నాలుగు వరుసల రాత ఉంది. డచ్చి రాళ్లు మాకు రాకపోవడం సహజం. ఈ రాయి మన లిపిలోనే ఉంది. బాల్యం నుండి ఖుర్ఆన్ పారాయణం చేసినవారము, ఉర్దూ ఇంట్లో మాట్లాడేవారము. అక్షరాలన్నీ కూడబలుక్కున్నాము. అర్థం మాత్రం తెలియలేదు. ‘సాల్’ అంటే సంవత్సరం, ‘వఫాత్’ అంటే మరణం అని రెండు మాటలు పట్టుకోగలిగాము. ఆ మనిషి పేరు, ఊరు, ఏ ఓడలో వచ్చాడు, ఎందుకు ఇక్కడే ఆగిపోయాడు, ఇవి బహుశా ఆ నాలుగు వరుసలలోనే ఉన్నాయి. మేము ఫాతిహా చదివి నిలబడ్డాము.

ఖబ్రస్తాను చూసుకునే వృద్ధుడు, చివరి వరుసలో ఏడు దాగి ఉంటుందని తన తండ్రి చెప్పేవాడన్నాడు. ఇది అబ్జద్ పద్ధతి. ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది, వాటిని కూడితే హిజ్రీ సంవత్సరం వస్తుంది. అమ్మాయి నేల మీద కూర్చుని అక్షరాల విలువలు రాసుకుని కూడింది. ఎనిమిది వందలు కూడా రాలేదు. బందరులో అంత పాత సమాధి ఎక్కడిది? మళ్లీ కూడింది. అప్పుడు చూశాము, రాతి మూల విరిగిపోయి చివరి మాట లేదు.

ఆ రాత్రి లాడ్జిలో మేమిద్దరమూ చాలాసేపు లెక్కలు వేసుకున్నాము. లండను, లైడెను మన తాహతుకు మించినవి. దానిలో దాపరికం లేదు. ఢిల్లీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం గనుక రుసుము భారం కాదు, దూరమే భారం. హైదరాబాదులోనే ఉండాలంటే 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో పారశీక, అరబ్బీ, ఇస్లామీయ అధ్యయన శాఖలున్నాయి. బి.ఏ. ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఆ పైన ఎం.ఏ., మరొక భాష, బోధనకో పరిశోధనకో అర్హత, అనువాదమో పురాలేఖశాలలో పనో, ఏడెనిమిది సంవత్సరాల ఓర్పు కావాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖశాలలో మొగలాయి కాలపు పారశీక పత్రాలు గుట్టలుగా ఉన్నాయి. చదివేవారి కొరత మాకు నిన్ననే అనుభవమైంది. ఇంజనీరింగు చదివి ఖాళీగా ఉన్న పిల్లలు కూడా మా వీధిలో నలుగురున్నారన్నది మా శ్రీమతి వేసిన లెక్క. ఈ రెండు లెక్కలూ ఒక కొలిక్కి రాలేదు. అబ్బాయి అయితే ఇంత ఆలోచించేవారమా అని కూడా ఆమె అడిగింది. ఆలోచించేవారము కాము. అది ఒప్పుకోవలసి వచ్చింది.

తెల్లవారి బస్టాండులో ఉండగా గుడివాడ నుండి మామూ ఫోను చేశారు. ఏమి తేల్చారని అడుగుతారనుకుని అమ్మాయికే ఇచ్చాము. ఆమె సలాం చెప్పి వెంటనే, “మామూ, ఆ ఇనాము కాగితం అసలుది మీ దగ్గరే ఉందా?” అని అడిగింది. చాలాసేపు అవతలి మాటలు విన్నది. తరువాత మాతో, “ఒకటి కాదట అబ్బా. పెట్టె అడుగున ఇంకా ఏడెనిమిది ఉన్నాయట. వాటినెవరూ విప్పనేలేదట. చెదలు పట్టకముందు వచ్చి ఫోటోలు తీసుకోమంటున్నారు” అంది.

విజయవాడ బస్సు వచ్చి నిలిచింది. మేము గుడివాడ బస్సు ఎప్పుడని కండక్టరును అడిగాము.