శంషాబాద్ దారిలో ఒక లెక్క



విమానం అందుకోవాలంటే ఇంట్లోంచి ఎన్ని గంటల ముందు బయల్దేరాలో శంషాబాద్ వైపు వచ్చే ప్రతివాళ్లూ లెక్కేసుకుంటారు. ఆ లెక్కే ఊరు మొత్తానికి వేసేవాళ్లున్నారు. వరదో తుపానో వస్తే ఇంతమంది జనాన్ని ఉన్న రోడ్ల మీదుగా ఎంతసేపట్లో దాటించగలం? రవాణా భద్రత మీద పీహెచ్‌డీ చేసే కొందరు ఏళ్ల తరబడి కుస్తీ పట్టేది దీనితోనే.

ఈ లెక్క వేయాలంటే ముందు ఏ బండి ఎంత జాగా తీసుకుంటుందో తెలియాలి. మన రోడ్ల మీద లేన్లు గీతల వరకే కదా! అందుకని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అన్ని బళ్లనీ కార్లలోకి మార్చి లెక్కపెట్టింది. బైకు అర కారు, బస్సు మూడు కార్లు, పెద్ద ఎడ్లబండి ఏకంగా ఎనిమిది కార్లు. మామూలు రోజుల్లో బస్సు వెనక ఇరుక్కుంటే విసుక్కుంటాం. జనాన్ని తరలించే రోజున మాత్రం మూడు కార్ల జాగాలో యాభై మందిని తీసుకుపోయేది అదే.

2005 సెప్టెంబర్‌లో రీటా హరికేన్ వస్తోందని హ్యూస్టన్ జనం కార్లేసుకుని ఒక్కసారిగా రోడ్డెక్కారు. చాలామంది ఇరవై గంటలకు పైగా రోడ్ల మీదే ఉండిపోయారు. ఎదురు లేన్లను కూడా బయటికి వెళ్లేవాళ్లకే వదిలారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. తుపాను తాకిడికంటే ఆ ప్రయాణంలో పోయినవాళ్లే ఎక్కువ. వృద్ధాశ్రమం వాళ్లతో వెళ్తున్న ఒక బస్సు తగలబడి 23 మంది చనిపోయారు.

అంత దూరం దేనికి? 2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి గగన్‌పహాడ్‌లో అప్పా చెరువు కట్ట తెగి నీళ్లు బెంగళూరు హైవే మీద పడ్డాయి. ఆరాంఘర్ నుంచి ఎయిర్‌పోర్టుకి వచ్చే దారి అదే. కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. తర్వాత హైవే మూసేసి, ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లని ఔటర్ రింగు రోడ్డు మీదుగా పొమ్మన్నారు. అంటే జనం ఆ నీళ్లలో చిక్కుకున్నది వేరే దారి లేక కాదు. నన్నడిగితే, తరలింపు అంటే ఉన్నవాళ్లని బయటికి పంపడం తర్వాత సంగతి. ముందు కొత్తవాళ్లని అటు రానివ్వకూడదు. చెరువు నిండుతున్నప్పుడే బారికేడ్ పడాలి. తెగాక ఇంకేం మూస్తారు?

ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతి వేరు. మైకులో చెప్పగానే ఎవరూ కదలరు. గేదెని విప్పాలి, పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుందో వెతకాలి, పక్కింటివాళ్లు తాళం వేశారో లేదో తొంగిచూడాలి. అరగంట అలాగే పోతుంది. ఈ జాప్యాన్ని కూడా పరిశోధకులు గంటల లెక్కలో కలుపుతారు. ఆఫీసుల్లో గీసే ప్లాన్లలో నాకు కనపడని గడి ఇదే.

మీరొక పని చేసిపెట్టండి. మీ దారిలో వానకి మొదట మునిగేది ఏ కల్వర్టు, నీళ్లు ఏ చెరువువి, వాన మొదలయ్యాక ఎంతసేపటికి బైకులు ఆగిపోతాయి? రోజూ అటు తిరిగేవాళ్లకి ఇవన్నీ తెలుసు. కార్డు మీద నాలుగు ముక్కలు రాసినా చాలు, వచ్చే ఉత్తరంలో అన్నీ ఒకచోట వేస్తాను.