నీళ్ల మంచీచెడూ టీడీఎస్ మీటరు చెప్పదు

ఈమధ్య మన నర్సీపట్నంలో నీళ్ల మాటెత్తితే చాలు, టీడీఎస్ మీటరు తీస్తున్నారు. ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంచనా, అంతే. కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. క్రిముల సంగతి అసలే చెప్పదు.

కాఠిన్యమంటే ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. వాన నీరు మట్టిలోకీ రాళ్లలోకీ ఇంకుతూ వాటిని కరిగించుకుంటుంది. అందుకే వీధి మారితే బోరు నీళ్ల తీరూ మారొచ్చు. కాఠిన్యం ఎక్కువైతే సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతకీ ఉడకదు, గిన్నె అడుగున తెల్లపొర కడుతుంది. మరిగిస్తే కొంత తగ్గుతుంది గానీ సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చిన కాఠిన్యం అలాగే ఉంటుంది. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

నాకైతే తెల్లపొర కంటే పైపు లీకేజీలంటేనే భయం. వానాకాలంలో అక్కడ మురుగు కలిస్తే పిల్లలు ఆసుపత్రి పాలవుతారు. కుళాయి నీటి పరీక్షల ఫలితాలు, మిగిలిన క్లోరిన్ ఎంతో సహా, నెలనెలా ప్రతి వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టాలి. మీ వార్డులో అడిగి చూడండి.