లెక్కల పుస్తకంలో మొదటి పేజీ



మన సంఘంలోని యౌవనస్థులు వచ్చి, "అయ్యగారూ, వ్యాపారం మొదలుపెడుతున్నాం, ప్రార్థన చేయండి" అని అడుగుతుంటారు. ప్రార్థన చేశాక నేనొక మాట అడుగుతాను: "దీనివల్ల మన ఊళ్లో ఎవరి కష్టం తగ్గుతుంది?" కొందరు నవ్వేస్తారు. సేవ వేరు, వ్యాపారం వేరు కదా అంటారు.

అప్పుడు వారికి మదురై సంగతి చెబుతాను. డాక్టర్ జి. వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగం నుండి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. శుక్లాలతో చూపు పోయిన పేదలకు తిరిగి చూపు రావాలన్నదే ఆయన తపన. ఉన్నవారు ఫీజు కట్టారు. ఆ రాబడితోనే లేనివారికి ఆపరేషన్లు చేశారు. కంటిలో అమర్చే లెన్సులు విదేశాల నుండి తెప్పిస్తే పేదలకు అందేవి కావు. అందుకని 1992లో ఆరోల్యాబ్ స్థాపించి, తక్కువ ధరకు ఇక్కడే తయారుచేయసాగారు.

ప్రియులారా, చందాల మీదే నడిచే సేవ చందాలు ఆగిన రోజు ఆగిపోతుంది. ఒక్కసారి క్యాంపు పెట్టి, మళ్లీ రానివారిని మన పల్లెలు చూశాయి. తన ఖర్చు తాను సంపాదించుకునే సేవ వచ్చే ఏడాది కూడా తలుపు తెరుస్తుంది. అయితే లాభం రుచి మరిగితే, డబ్బు లేనివారికి ఆ తలుపే మూసుకుపోతుంది.

కాబట్టి పిల్లలారా, లెక్కల పుస్తకం మొదటి పేజీలోనే "కట్టలేనివారు" అని రాసుకోండి. మిగతా పేజీలన్నీ వారికోసం కష్టపడాలి.