గింజకు మట్టి అంగి

మాది బిజినేపల్లి మండలం. ఆముదం రకాలు తయారుచేసే పాలెం పరిశోధన స్థానం మా మండలంలోనే ఉంది. అయినా మా అవ్వ మాత్రం కంది విత్తనం ఎక్కడా కొనలేదు. వాళ్ల అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న రకం అది. ప్రతి ఏడూ ఎర్రమట్టి జల్లెడ పట్టి, నీళ్లలో కలిపి, గింజలకు పట్టించి, ఎండబెట్టి కుండలో పోసేది. "గింజకు అంగి తొడుగుతున్న బిడ్డా" అనేది.

నేను ఇంటర్ చదివే ఏడు అవ్వ కాలు విరిగింది. ఆ పని నాకు పడింది. సగం సంచికి మట్టి పట్టించేసరికి చేతులు ఎర్రగా, విసుగ్గా... మిగతా సగం అలాగే డబ్బాలో పోసి మూత పెట్టేశా. జూన్‌లో తీస్తే డబ్బా నిండా నుసి, బొక్కలు పడ్డ గింజలు. కుండలోవి మాత్రం బాగున్నాయి. అవ్వ తిట్టలేదు. పుచ్చిన గింజలు అరచేతిలో పోసుకొని చాలాసేపు చూసింది. తిడితేనే బాగుండేది.

మొన్న సెమినార్ టాపిక్ వెతుకుతుంటే 2008లో చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పని కనబడింది. కోడిగుడ్డు పెంకు చూసి వచ్చిన ఆలోచనట. ఈస్ట్ కణం మీద ఖనిజం దానంతటది పేరుకోదు. అందుకని ముందు ఛార్జ్ ఉన్న పాలిమర్ పొరలు వేసి, వాటి మీద కాల్షియం ఫాస్ఫేట్ పెంకు కట్టించారు. పెంకు లోపల కణం చావదు, విభజన ఆపి నిద్రపోతుంది. కణం గోడను కరిగించే ఎంజైమ్ పోసినా తట్టుకుంటుంది. కొంచెం ఆమ్లంతో పెంకు కరిగిస్తే మళ్లీ లేచి పెరుగుతుంది.

రెండూ ఒకటే అని నేననను. పురుగు గింజ పైన గుడ్లు పెడుతుంది, పిల్ల లోపలికి తొలుస్తుంది. సన్నటి మట్టి పురుగు ఒంటిమీది మైనాన్ని గీకేస్తే దాని తడి ఆరిపోతుంది. అక్కడ కాపు ఎంజైమ్ నుంచి, ఇక్కడ పురుగు నుంచి. కానీ తొడిగిన అంగి మళ్లీ విప్పగలగాలి, రెండుచోట్లా అదే అసలు చిక్కు.

ఫోన్‌లో అవ్వకు చెప్పా. అంతా విని, "పుల్లటి నీళ్లు పోస్తే లేస్తదా?" అంది.

"లేస్తదవ్వా."

"మనయి వానకే లేస్తయి. సరే గానీ, సంక్రాంతికి రా. కందులు కొట్టినంక మన్ను నువ్వే పట్టియ్యాలె. సంచి మొత్తం."