నాడి అందని మనిషి

మన ఇళ్ళల్లో ఎవరైనా సొమ్మసిల్లి పడిపోతే ముందుగా మణికట్టు పట్టుకుని చూస్తాం. నాడి ఆడుతున్నదంటే మనిషి ఉన్నాడు, లేదంటే లేడు. తరతరాల ఈ లెక్కను ఒక చిన్న యంత్రం తారుమారు చేసింది.

పీటర్ హౌటన్ అని ఇంగ్లండులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. మృత్యుముఖంలో ఉన్నవారికి ధైర్యం చెప్పడం ఆయన పని. చివరికి ఆయన గుండే చేతులెత్తేసింది. 2000 జూన్‌లో ఆక్స్‌ఫర్డులో డాక్టర్ స్టీఫెన్ వెస్టబీ ఆ గుండెలో బొటనవేలంత పంపు అమర్చాడు. గుండెను తీసివెయ్యలేదు సుమా! ఎడమ గదిలోని నెత్తురును తోడి పెద్ద ధమనిలోకి పంపడమే ఆ పంపు పని. అదీ మోట తోలినట్లు విడతలు విడతలుగా కాదు, కరెంటు మోటారులాగా ఎడతెగకుండా. అందుచేతనే నాడి చేతికి అందదు.

ఆ పంపుతో ఆయన 2007 నవంబరు దాకా, ఏడేళ్ళకు పైగా, జీవించాడు. మైళ్ళకొద్దీ నడిచాడు. కాని ఆత్మీయులతో మునుపటిలా మనసు కలవడం లేదని కూడా చెప్పుకున్నాడు.

ఈ మాట మా అక్కయ్య చెవిని పడనివ్వలేదు నేను. నిరుడు మద్రాసులో బావగారికి అటువంటి పంపే పెట్టారు. ఇప్పటి పంపులో తిరిగే చక్రం అయస్కాంత బలంతో గాలిలో తేలినట్లు నెత్తురులో తేలుతూ తిరుగుతుంది. దీన్ని పెట్టించుకున్నవారిలో ఐదేళ్ళకు నూటికి 58 మంది బ్రతికి ఉన్నారని 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఆ అంకె విన్నాకనే అక్కయ్య తన వాటా పొలం అమ్మకానికి పెట్టింది.

పొట్టలోనుంచి ఒక తీగ బయటికి వస్తుంది. నడుముకు పెట్టె, భుజాలకు రెండు బ్యాటరీలు. తీగ దగ్గర చీము పట్టకుండా కట్టు మార్చాలి. నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు వెయ్యాలి. రాత్రి గోడ ప్లగ్గుకు తగిలించాలి. కరెంటు పోతే ముందు లేచేది అక్కయ్యే.

మొన్న మనుమరాలిని అత్తవారింటికి సాగనంపుతూ బావగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. హౌటన్ మాట తలుచుకుంటూ ఉన్న నా మనసు తేలికపడింది.

ఆ మరునాడే కొత్త కాంపౌండరు కుర్రవాడు ఆయన చెయ్యి పట్టుకుని తెల్లబోయాడు.

"నాడి అందదులే నాయనా," అన్నది అక్కయ్య. "చారులో ఉప్పు లేదని ఇందాకనే అలిగారు. ఆయనకేం, బాగానే ఉన్నారు."